వదిన అడిగిన పడవ

దుకాణాలకు బోర్డులు రాసే పని లేని ఉదయాల్లో అతను సముద్రపు ఒడ్డున కూర్చుని, అరచేతంత ప్లైవుడ్ ముక్కల మీద నూనె రంగులతో బొమ్మలు వేసేవాడు. అన్నీ పొగమంచు బొమ్మలే. ఏమీ కనపడనిదాన్ని వెయ్యడానికి అన్ని రంగులు దేనికిరా అని అన్న ఆటపట్టించేవాడు. ఆ అన్నే ఒక మంచు రోజున చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. వెతికినవాళ్లు కొన్నాళ్లు వెతికి చేతులెత్తేశారు.

వదిన ఏడవలేదు. ఎప్పటిలాగే వండేది, ఇల్లు ఊడ్చేది, ఎవరూ తొడగని అన్న చొక్కాలను కూడా ఉతికి ఇస్త్రీ చేసి పెట్టేది. గుండె రాయి చేసుకుందని ఇరుగుపొరుగు చెప్పుకున్నారు. సముద్రం వైపు కిటికీ మాత్రం తెరవనిచ్చేది కాదు. అందుకే అతను బొమ్మలను ఆమె కంట పడకుండా వెనక గదిలో ఆరబెట్టుకునేవాడు.

ఒకరోజు ముసురు పట్టింది. పొద్దున ఒడ్డున మొదలుపెట్టిన బొమ్మను వెనక గదిలో కూర్చుని పూర్తి చేస్తున్నాడు. వదిన ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి చూస్తోంది. దాచేద్దామంటే రంగు తడి. ఆమె దగ్గరికి వచ్చి బొమ్మ వైపు వేలు చూపించింది.

"ఇందులో మీ అన్న పడవ పెట్టు."

అతను వద్దు వదినా అనబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. సన్న కుంచె తీసి ఒడ్డుకు దగ్గరగా నల్లటి పడవను, అందులో నిలబడ్డ మనిషిని వేశాడు. ఆమె వంగి చూసింది.

"ఇంత దగ్గర్లో ఉంటే వచ్చేసేవాడే కదా. కాస్త దూరంగా పెట్టు."

గుడ్డతో తుడిచి, దూరంగా, చిన్నగా వేశాడు. ఇంకా దూరం అంది. మళ్లీ తుడిచాడు. తుడిచినప్పుడల్లా నలుపు తెలుపులో కలిసి మంచు మురికిపట్టింది. మనిషి పోయి పడవ మిగిలింది. పడవ పోయి గీత మిగిలింది.

"ఇంకా కనిపిస్తోంది," అంది వదిన.

అతను బొటనవేలితో ఆ గీతను మంచులోకి అద్దేశాడు. ఇక అక్కడ బూడిదరంగు తప్ప ఏమీ లేదు. వదిన ఆ చోటునే చూస్తూ నేల మీద కూలబడింది. ఏడుపు ముందు దగ్గులా వచ్చింది. తర్వాత ఆగలేదు. ఏం చెయ్యాలో తోచక అతను రంగు చేతులతోనే పక్కన కూర్చున్నాడు.

సాయంత్రానికి ఆమె కళ్లు తుడుచుకుని, బొమ్మ ఎప్పటికి ఆరుతుందని అడిగింది. చాలా రోజులు పడుతుందన్నాడు. ఆమె దాన్ని తడిగానే తీసుకెళ్లి మంచం పక్కన గోడకు ఆనించి పెట్టుకుంది.

మర్నాడు అతను ఒడ్డుకు వెళ్లాడు. మంచు దట్టంగా ఉంది. రంగుల పెట్టె తెరవకుండానే కాసేపు కూర్చుని తిరిగొచ్చేసి, సగంలో ఆగిన చెప్పుల దుకాణం బోర్డు ముందేసుకున్నాడు.