ఒక్కసారే అడిగే టిగోర్

ఎదురింటి కోళ్ల వ్యాపారి వైఫై కనిపిస్తోంది. సందు మొదట్లో ఉన్న మసీదు వైఫై కనిపిస్తోంది. నా నెత్తిమీదే గోడకి వేలాడుతున్న మా కొత్త వైఫై మాత్రం ఈ లాప్‌టాప్‌కి కనపడదు. ఆపి మళ్లీ పెట్టాను. పన్నెండేళ్ల ముసలిది, ఆయాసపడుతూ మళ్లీ అదే జాబితా చూపించింది. ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం రెండున్నర. గైడ్ లైసెన్సు ఆన్‌లైన్ పరీక్ష నాలుగింటికి మూసేస్తారు. ఇరవై ఆరేళ్లుగా మా జావా దీవిలో, ఈ యోగ్యకర్త ఊళ్లో పాత గుళ్లు చూపించి బతుకుతున్నాను. ఇవాళ ఇది రాయకపోతే రేపట్నుంచి గుడి గేటు దగ్గరే ఆపేస్తారు. ఫోన్లో రాయకూడదట, కంప్యూటరే కావాలట. పోనీ ఫోన్ డేటా దీనికిద్దామంటే మా సందులో సిగ్నల్ ఒక్క గీత. మొదటి ప్రశ్న తెరుచుకునేలోపే తెగిపోతోంది.

"టిగోర్‌కి ఫోన్ చెయ్యండి. వైఫై బిగించినవాడే కదా," అంది మా ఆవిడ లస్మినా.

"ఆ మేడాన్ వాడికా? ఈ తిప్పలన్నీ వాడి వల్లేగా!"

"వాడి వల్ల కాదు. మీ నోటి వల్ల."

నిజమే, అందుకే ఇంకా మండింది. నన్ను పాక్ అనీ మా ఆవిడని బూ అనీ, అంటే అయ్యగారు, అమ్మగారు అని పిలుస్తాడు టిగోర్. పోయిన వారం వైఫై పెట్టె బిగిస్తూ అడిగాడు: "ఇంట్లో పాత లాప్‌టాప్ ఏమన్నా ఉందా పాక్? వేగంగా వచ్చే కొత్త దారి ఒక్కటే తెరుస్తున్నా. పాతవాటికి అది కనపడదు. కావాలంటే వాటి దారి కూడా తెరిచి పెడతా."

"ఎందుకులే బాబూ, నీకు శ్రమ," అన్నాను.

జావాలో పుట్టినవాడెవడైనా ఇంకోసారి అడుగుతాడు. అప్పుడూ వద్దంటాం. మూడోసారి అడిగితే, "నువ్వంతగా అంటున్నావు కాబట్టి సరే" అంటాం. టిగోర్ సుమత్రా దీవిలోని మేడాన్ నుంచి వచ్చిన బతక్ తెగ మనిషి. వాళ్లకి వద్దంటే వద్దనే. "సరే పాక్" అని సంచి సర్దుకుని పోయాడు. రెండోసారి అడగకుండా గడప దాటినవాణ్ణి నేను బుద్ధెరిగాక చూడలేదు.

ఫోన్ చేశాను. వాడి ఆరోగ్యం అడిగాను, వాళ్లమ్మ ఆరోగ్యం అడిగాను, అటువైపు వాన పడుతోందా అని అడిగాను.

"విషయం చెప్పండి పాక్."

నసుగుతూ చెప్పాను.

"పక్క వీధిలోనే ఉన్నా. రమ్మంటారా?"

"అయ్యో, పనిలో ఉన్నావేమో, నీకెందుకు శ్రమ..."

"సరే పాక్." పెట్టేశాడు.

లస్మినా నెత్తి కొట్టుకుంది. "బుద్ధుందా మీకు? మర్యాదకి పోయి బతుకుతెరువు పోగొట్టుకుంటారా!"

అలిగి కూర్చుని మరో పావుగంట ఆ జాబితాతోనే కుస్తీ పట్టాను. మూడూ పది. ఇక సిగ్గు విడిచి మళ్లీ ఫోన్ చేశాను.

"రా!" అని అరిచాను, వాడు హలో అనకముందే. "ఇప్పుడే రా. నీకు శ్రమే, అయినా రా!"

చెవులు వేడెక్కిపోయాయి. యాభై మూడేళ్ల బతుకులో ఒక మనిషిని అలా పిలవడం అదే మొదలు.

వచ్చాడు. ఐదు నిమిషాల పని. జాబితాలో కోళ్లవాడికీ మసీదుకీ మధ్య మా పేరు వచ్చి కూర్చుంది. వెంటనే పరీక్ష రాశాను. నాలుగింటికి రెండు నిమిషాలుండగా "ఉత్తీర్ణులు" అని వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"భోంచేస్తావా టిగోర్..." అని లస్మినా అంటూండగానే, "చేస్తాను బూ," అని వాడు చాప మీద కూర్చున్నాడు. పనసకాయతో వండిన గుడెగ్ కూర గిన్నె మూత తీసింది. రెండు పళ్లేలు లాగించాడు. కుళ్లు పుట్టింది నాకు. పరీక్ష బెంగతో పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"మీకూ పెట్టనా?" అంది లస్మినా.

"ఎందుకులే, నీకు శ్రమ," అన్నాను.

లస్మినా ఓరగా టిగోర్ వంక చూసింది.

"సరే పాక్," అని గిన్నె మీద మూత పెట్టేసింది.