ఫ్యాక్స్ గడి

ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు బూట్లు కుట్టే దుకాణం అది. అందులో అందరికీ ఆమె వదినే. యజమాని ఆమెకు మరిది. అతను అలా పిలుస్తాడు కాబట్టి తోలు కోసే మేస్త్రి కూడా అలాగే పిలుస్తాడు. చనిపోయిన భర్త కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఆర్డర్లు ఎక్కిస్తూ కిటికీ పక్క కుర్చీలో ఆమె ఇరవై ఏళ్లు గడిపింది.

ఒకరోజు మరిది ఆమె బల్ల మీద ఒక కాగితం పడేశాడు.

"వదినా, నీ ముసలి సాఫ్ట్‌వేర్‌కి నూకలు చెల్లాయి. చేసినవాళ్లే చేతులెత్తేశారు. నెలాఖరు తర్వాత చెడిపోతే పలికే దిక్కుండదు. కొత్తది పెడుతున్నాం."

"నేర్చుకుంటాను."

"నేర్చుకునేదేముంది? మేస్త్రే ఫోన్లో చూసుకుంటాడు. నువ్వు ఇంటిపట్టున హాయిగా ఉండు." అతను ఆగి నవ్వాడు. "కొత్తది మొదటి జతకే మన మెట్ల పరీక్షలో తప్పిందనుకో, నీ కుర్చీ నీదే. సరేనా?"

వెక్కిరింతగా అన్నా అతను మాట తప్పడు. ఆ ఒక్క సుగుణం ఉంది. ఇంటిపట్టున అంటే తోటికోడలి వంటింట్లో అని ఆమెకు తెలుసు. అక్కడ ఆమెను పిలవరు, పురమాయిస్తారు.

మరుసటి వారం కంప్యూటరాయన వచ్చి పాతదాంట్లోని గడులన్నీ తెరిచాడు. ఏవి కొత్తదాంట్లోకి తేవాలో, ఏవి వదిలేయాలో ఆమె చెప్పాలి.

"ఫ్యాక్స్ నంబరు దగ్గర పద్దెనిమిది, ఆరు, పదకొండు... ఇవేంటండీ? ఇంత పొట్టి నంబర్లా?"

పాత సాఫ్ట్‌వేర్ మామూలు బూట్ల కొట్ల కోసం చేసింది. పొట్టికాలి బూటు అడుగును ఎన్ని మిల్లీమీటర్లు ఎత్తాలో రాయడానికి అందులో చోటు లేదు. అందుకని ఎవరికీ పనికిరాని ఫ్యాక్స్ గడిలో ఆమె ఆ అంకె వేసుకునేది. మేస్త్రికిచ్చే చీటీ మీద దాన్ని తనే చేత్తో రాసేది. ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు.

"చెత్త," అంది వదిన. "ఎవరో అడ్డదిడ్డంగా కొట్టారు. వదిలేయండి."

"ఈ కాలంలో ఫ్యాక్సేంటిలెండి," అని అతను నవ్వి ఆ గడి కొట్టేశాడు.

అంకెలన్నీ అప్పటికే ఒక నోటుపుస్తకంలోకి ఎక్కి, ఇంట్లో బట్టల కింద భద్రంగా ఉన్నాయి. ముక్కూమొహం తెలియని మనిషెవరో మెట్ల మీద తూలతాడు, అంతే కదా అనుకుంది.

పాతదాన్ని తుడిచేసిన నాలుగో రోజు ఆమె దుకాణంలోకి వచ్చేసరికి అక్కడ తన తండ్రి కూర్చుని ఉన్నాడు.

"మొదటి జత మావయ్యకే," అన్నాడు మరిది. "తేడా వచ్చినా మనవాళ్లు గొడవ చెయ్యరు. ఏం మావయ్యా?"

"బూట్లిస్తుంటే గొడవెందుకు బాబూ," అన్నాడు ముసలాయన సంబరంగా.

ఆమె బూట్లు చేతిలోకి తీసుకుంది. రెండు అడుగులూ సమానంగా ఉన్నాయి. ఆయన పొట్టి కుడికాలికి పద్దెనిమిది మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. మేస్త్రి తల దించుకున్నాడు.

"ఫోన్లో ఉన్నట్టే కోశాను వదినగారూ. సొంత తెలివి వాడొద్దన్నారు."

మూలనున్న ఐదు చెక్క మెట్లూ ఎక్కి దిగితేగానీ ఆ దుకాణంలో ఎవరికీ బూట్లు అప్పగించరు. తండ్రి లేచి నిలబడగానే కుడిపక్కకు ఒరిగాడు.

"ఏంటమ్మా, నేల వంకరగా ఉన్నట్టుంది?"

ఇప్పుడు ఆపితే మరిది ఆ అంకెలన్నీ అడిగి, ఎక్కించుకుని, ఆమెకు దణ్ణం పెట్టి పంపేస్తాడు. కొత్తది తప్పిందనిపించుకోవాలంటే మెట్ల మీదే తప్పాలి. మరిది చేతులు కట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు.

"కొత్తవి కదా నాన్నా," అంది. "నాలుగడుగులు వేస్తే సర్దుకుంటాయి."

ఆయన కమ్మీ పట్టుకుని ఐదు మెట్లూ ఎక్కాడు. పైనుంచి కూతురికి చెయ్యి ఊపాడు. దిగేటప్పుడు మూడో మెట్టు దగ్గర కుడికాలు గాల్లో నేలను వెతుక్కుంది.

ఎముక విరిగిన చప్పుడు మేస్త్రి దాకా వినిపించింది.

మరిది మాట నిలబెట్టుకున్నాడు. రెండో రోజే ఆమె కుర్చీని తనే తుడిచాడు. "ఆసుపత్రికి వెళ్లాలేమో, సెలవు కావాలా?" అన్నాడు.

"వద్దు," అంది, పుస్తకం బల్ల మీద పెట్టి.

మూడు నెలలకు తండ్రి కర్రల మీద లేచాడు. అతుక్కున్న కాలు ఇంకా పొట్టిదైంది. ఆమె టేపు పట్టుకుని మంచం పక్కన కూర్చుంటే ఆయన తల నిమిరాడు.

"నువ్వు రాసిన చీటీ అయితే ఇలా అయ్యేదా తల్లీ? నీ మరిదికి ఇప్పటికి నీ విలువ తెలిసింది."

ఆమె పుస్తకం తెరిచి, పద్దెనిమిది కొట్టేసి, ముప్ఫై ఒకటి వేసింది.