సువార్త కణాలు పెరిగిన సీసా

నేను ఒక గాజు సీసాని. అడ్డంగా పడుకోబెట్టడానికి వీలుగా నన్ను పలకలా చేశారు. అందుకే మందులకీ, అత్తర్లకీ పనికిరాను. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో డాక్టర్ హైమావతి చేతికి వచ్చాను.

ఆవిడ నాలో పెంచింది సువార్త అనే నాలుగేళ్ల పిల్ల గడ్డలోంచి తీసిన కణాలు. భీమిలి వైపు చేపలమ్ముకునే కరుణమ్మ కూతురు. తలమీదా, చెవుల వెనకా గడ్డలు. “క్యాన్సర్ కాదు” అని చెప్పినరోజు కరుణమ్మ కనబడిన వాళ్లందరికీ దణ్ణం పెట్టిందట. కానీ గడ్డలు ఆ మాట వినలేదు. చిగుళ్లు వాచి పళ్లని కప్పేశాయి, మోకాళ్లు ముడుచుకుపోయాయి. తల్లి ఎత్తుకోబోతే “ముట్టుకోకే అమ్మా” అని ఏడ్చేదట.

అది పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు. చర్మానికి బిగువునిచ్చే పీచు కొల్లాజెన్. సువార్త కణాలు దాన్ని ఎలా తయారుచేస్తున్నాయో, జబ్బులేని పిల్లల కణాలతో పోల్చి కొలిచేది హైమావతి. తేడా ఎక్కడో తెలిస్తే మందు దొరుకుతుందని ఆవిడ ఆశ. నన్ను మనిషి ఒంట్లో ఉండేంత వేడిలో ఉంచి, వేళకి ఆహారం మార్చేవారు. నాలో కణాలు తిని పెరుగుతుంటే, కింద వార్డులో సువార్త గుక్కెడు జావ మింగలేకపోయేది. మనుషుల నేర్పు నా దాకా వచ్చింది గానీ ఆ మంచం దాకా వెళ్లలేదు.

వానలప్పుడు నిమోనియా వచ్చి పిల్ల పోయింది.

కొన్నాళ్లకి కరుణమ్మ ప్రయోగశాల గుమ్మంలో నిలబడింది.

“మా పాపది ఏదో మీకాడ బతికుందంట కదమ్మా. ఓపాలి సూపిస్తారా?”

హైమావతి నన్ను సూక్ష్మదర్శిని కింద పెట్టింది. కరుణమ్మ కన్ను ఆనించి చాలాసేపు తీయలేదు.

“నొప్పెడతాదా ఈటికి?”

“లేదు కరుణమ్మా. వాటికి నొప్పి తెలీదు.”

“అయితే ఉండనీండమ్మా” అని కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది.

కణాలకీ ముసలితనం వస్తుంది. పెరగడం తగ్గింది, ఆగింది. కొలతలు మిగిలాయి, మందు దొరకలేదు. పారబోసే ముందు హైమావతి కరుణమ్మకి ఫోన్ చేసింది.

“సర్లెండమ్మా. మీరే దగ్గరుండి సెయ్యండి. ఇంకెవుల్నీ ముట్టుకోనీకండి.”

సీసాలు కడగడానికి అక్కడ మనిషి ఉంది. అయినా ఆ రోజు నన్ను హైమావతే కడిగింది. శుభ్రమయ్యాక కూడా కుళాయి కట్టెయ్యలేదు.

ఆ తర్వాత ఎవరి కణాలూ నాలోకి రాలేదు. మూతి పగిలి ఈ గాజుపెంకుల బుట్టలో పడేవరకూ ఖాళీగానే ఉన్నాను.