కదలకు అన్న మాట

ధన్... ధన్... ధన్.

సుత్తుల చప్పుడు ముందు నేలలోకి దిగేది. నేలలోంచి చాపలోకి ఎక్కి, చాప మీద కూర్చున్న సబే తొడల్లోకి పాకి, అక్కడి నుంచి ఆమె కడుపులోని బిడ్డను తట్టేది. బిడ్డ లోపలి నుంచి తిరిగి తట్టేది.

వాకిట్లో మగవాళ్లు తోలు కట్టల నడుమ బంగారాన్ని పెట్టి సాగగొట్టేవారు. వారిలో ఒకడు ఆమె భర్త కో సిథు. లోపల, తలుపులు బిగించిన గదిలో, ఆడవాళ్లు బుద్ధుడి విగ్రహాలకు అతికించే ఆ సాగిన రేకును కోసి, కొమ్ముతో చేసిన పుల్లతో లేపి, కాగితాల మీద పరిచేవారు. మాండలే ఎండకు గోడలు చెమర్చినా ఆ గదిలో పంకా తిరగదు. ఊపిరి తగిలితే చాలు, రేకు ముడుచుకుపోతుంది. అందుకే అక్కడ మాటలు పెదవులు కదలకుండా సాగేవి. నవ్వులు ముక్కుల్లోనే ఆగిపోయేవి.

“రాత్రి మా ఆయన గురకకి గోడమీది బల్లి కింద పడింది, పెద్దమ్మా,” అంది సబే పక్కన కూర్చునే మ వా.

“నన్ను నవ్వించావంటే ఈ రేకు ఎగిరి నీ ముక్కుకే అతుక్కుంటుంది. ఆనక నిన్ను కూడా గుళ్లో పెట్టి మొక్కుతారు,” అంది ఆ గదికి పెద్దయిన దా న్యో.

సబే కడుపులోని బిడ్డకు తనదైన లయ ఒకటి ఉండేది. మొదట చేపతోకలా తగిలి తప్పుకునే కదలిక, నెలలు గడిచేకొద్దీ మడమై, మోచెయ్యై, ఒక పక్క నుంచి మరో పక్కకు దొర్లే బరువై ఎదిగింది. పొద్దున సుత్తులకు బదులు చెప్పేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక గిరగిరా తిరిగేది. సాయంత్రం ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుంటే, ఎక్కిళ్లలాగా చిన్న చిన్న తట్లు తట్టి సద్దుమణిగేది. ఆ లయ ఆమెకు కంఠస్థమైన పద్యం. ఏ పాదం తరువాత ఏ పాదమో తెలుసు.

వర్షాలు వెనకబట్టి దీపాల పున్నమి దగ్గరపడింది. గుళ్లకు పట్టే రేకులకు గిరాకీ పెరిగింది. అలాంటి ఒక మధ్యాహ్నం బిడ్డ గట్టిగా తన్నింది. సబే చెయ్యి అదిరింది. పుల్ల కొన మీది రేకు నిలువునా చీలిపోయింది. మరొకటి ఎత్తబోతే అదీ అంతే.

“నీ కడుపులో ఉన్నదానికి బంగారమంటే గిట్టదల్లే ఉందే,” అంది దా న్యో. ఆ మాటలో నవ్వు సగం, విసుగు సగం.

సబే సిగ్గుతో తల వంచి, కడుపు మీద చెయ్యి వేసి గుసగుసగా అంది: “కదలకమ్మా. కాసేపు కదలకు.”

బిడ్డ ఆగింది. నిద్ర వేళై ఆగిందో, మరెందుకు ఆగిందో ఎవరికి తెలుసు? ఆగింది. మరునాడు కూడా అదే మాట అంది. ఆ రోజూ ఆగింది.

“చూశారా పెద్దమ్మా, నా ముగ్గురికీ ఇంత వయసొచ్చినా మాట వినడం రాలేదు. దీని బిడ్డకు లోపలే వచ్చేసింది,” అంది మ వా.

ఆ మాట గది దాటి వాకిట్లోకి పోయింది. కో సిథు సుత్తి దించి, చెమట తుడుచుకుంటూ, టీ కొట్టులో అందరికీ చెప్పుకుని మురిశాడు. సబే కూడా మురిసింది. ఆ మురిపెంలో పడి, ఆగడం తాను చెబితే ఆగడమో, తనంతట తాను ఆగడమో చూడటం మానేసింది.

ఒకనాడు పొద్దున బిడ్డ బదులు మెల్లగా వచ్చింది, దుప్పటి కప్పిన తలుపును తట్టినట్లుగా. అన్నం తిన్నాక తిరగవలసిన బిడ్డ తిరగలేదు. ఆమె ఆ రోజు కదలకు అని చెప్పనేలేదు. అయినా నెమ్మదిగా ఉంది కదా అనుకుంది. ఒక్క రేకూ చిరగలేదు. సాయంత్రం ఒత్తిగిలి పడుకున్నప్పుడు ఏదో ఒక్కసారి కదిలినట్లనిపించింది. బిడ్డ కావచ్చు, పేగు కావచ్చు.

“నెలలు నిండాక మెదలదే పిచ్చిదానా. అక్కడ చోటెక్కడ ఏడ్చింది?” అంది దా న్యో, అంతకుముందు పని దిగేటప్పుడు సబే సంగతి చెబితే. ఆ మాట నిజమో కాదో సబే ఆలోచించలేదు. తనకు కావలసిన మాట కాబట్టి పుచ్చుకుంది.

మరునాడు సుత్తులు మోగాయి. చప్పుడు నేలలోకి దిగింది, చాపలోకి ఎక్కింది, తొడల్లోకి పాకింది. లోపలి నుంచి ఎవరూ తట్టలేదు.

ఆమె తాటిబెల్లం నీళ్లు తాగి చూసింది. ఒత్తిగిలి పడుకుని చూసింది. వేళ్లతో నొక్కి, “కదలమ్మా, ఇక కదులు,” అని బతిమాలింది. ఆగమంటే ఆగినది, కదలమంటే కదలలేదు. అప్పుడు ఆమెకు భయం వేసింది. భయం కంటే ముందు సిగ్గు వేసింది. నిన్న పగలంతా ఆ నిశ్శబ్దానికి తాను సంతోషించింది.

కో సిథును పిలిచి, “ఒకసారి సయామ దగ్గరికి పోదాం,” అని మాత్రం అంది.

సయామ అంటే ఆ పేటకు కాన్పులు చూసే నర్సమ్మ. సబేను బల్ల మీద పడుకోబెట్టి అడిగింది: “బిడ్డ ఆఖరున బాగా కదిలింది ఎప్పుడమ్మాయ్?”

భర్త పక్కనే నిలబడి ఉన్నాడు. నిజం చెప్పడానికి సబేకు సిగ్గేసింది. “ఈ పొద్దునే, సయామ.”

సయామ చిన్న యంత్రం పెట్టి వింది. టకటకమని గుండె చప్పుడు గదంతా నిండింది. కో సిథు పెద్దగా ఊపిరి వదిలాడు.

“గుండె కొట్టుకుంటోంది. పొద్దున కదిలింది అంటున్నావు. సరే, ఇంటికి పోయి కనిపెట్టుకుని ఉండు. ఏ కాస్త తేడా అనిపించినా రా,” అంది సయామ.

కో సిథు చెప్పులు తొడుక్కోబోయాడు. “చూశావా, ఊరికే కంగారు పడ్డావు. బుద్ధిగల బిడ్డ కాబట్టి ఊరుకుంది,” అన్నాడు.

ఆ మాట సబే కాళ్లకు అడ్డం పడింది. గడప దాటితే తన అబద్ధం ఎవరికీ తెలియదు. దాటితే బిడ్డ సంగతీ ఎవరికీ తెలియదు. ఆమె గుమ్మం పట్టుకుని వెనక్కి తిరిగింది.

“సయామ, నేను అబద్ధం చెప్పాను. పొద్దున కదల్లేదు. నిన్న కూడా సరిగ్గా కదల్లేదు. పని చెడిపోతోందని నేనే కదలకు అనేదాన్ని. నిన్న ఊరుకుంటే మంచిదే అనుకున్నాను.”

కో సిథు ఒక చెప్పు తొడుక్కుని, ఒకటి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సయామ కోప్పడలేదు. చీటీ రాస్తూనే చెప్పింది: “కడుపులో బిడ్డ మాట విని ఊరుకోదమ్మా. శక్తి చాలక ఊరుకుంటుంది. నెలలు నిండాయని కదలిక తగ్గదు. రోజూ కదిలే తీరు మారిందంటే అదే కబురు. పెద్దాసుపత్రికి పొండి, ఇప్పుడే. దారిలో ఎక్కడా ఆగకండి.”

బయట, భర్త ముఖం చూడలేక సబే నేల చూసింది.

“నన్ను తిట్టు కో సిథూ.”

“ముందు బండెక్కు,” అన్నాడతను. సగం దారిలో, ముందుకే చూస్తూ అన్నాడు: “ఊరంతా చెప్పుకుని మురిసింది నేను. నన్నెవరు తిట్టాలి?”

కడుపు కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఉమ్మనీరు ఇగిరిపోయి, బిడ్డ నీరసించిపోయిందని చెప్పారు. వెచ్చటి పెట్టెలో పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, సబే అడగలేదు.

బుధవారం, మధ్యాహ్నం కాకముందే పుట్టింది కాబట్టి అక్కడి ఆనవాయితీ ప్రకారం పేరు ల తోగాని, వ తోగాని మొదలవ్వాలి. కో సిథు గుళ్లో భిక్షువును అడిగి పేరు తెచ్చాడు. అత్తగారు ఆ పేరుతో మురిపెంగా పిలిచింది. మ వా వచ్చి పిలిచింది. సబే మాత్రం పిలవలేదు. పెట్టెలోకి చెయ్యి పెట్టి బిడ్డను నిమిరేది, తుడిచేది, కప్పేది, అన్నీ నోరు మెదపకుండా. ఆ నోట ఒక మాట వచ్చినందుకే కదా ఇదంతా అని ఆమె బెంగ. సయామ చెప్పింది బుద్ధికి ఎక్కింది. గుండెకు ఎక్కలేదు.

పెట్టెలోంచి తీసి ఒడిలో పెట్టిన రోజు బిడ్డ పాలు సరిగ్గా తాగలేదు. నాలుగు గుక్కలు తాగి నిద్రలోకి జారిపోతోంది. సబే అరికాలు గోకింది, చెవి నిమిరింది. లాభం లేకపోయింది.

“పిలవండమ్మా. ఇలా నిద్రపోతే ఒంటికి బలం ఎలా వస్తుంది?” అంది వార్డు నర్సు.

“వాళ్ల నాన్నను రమ్మంటాను. ఆయన పిలుస్తాడు.”

“నాన్న గొంతు దానికి కొత్త. ఇన్నాళ్లూ లోపల ఉండి విన్నది మీ గొంతే. ఆ గొంతునే ఎరుగును.”

సబే బిడ్డ చెవి వైపు చూసింది. విన్నది తన గొంతే. ఆ గొంతులో అన్నిటికంటే దగ్గరగా, చెయ్యి వేసి మరీ, విన్న మాట ఏదో ఆమెకు తెలుసు. ఆ మాట దగ్గరే తాను మూగబోతే, బిడ్డకు తల్లి గొంతులో మిగిలేది అదొక్కటే.

బిడ్డ పెదవులు వదులయ్యాయి. పాలు చెంప మీదుగా జారాయి.

సబే వంగింది. క్షమించమందామనుకుంది, అది తన కోసమే అనే మాట అవుతుందని మానుకుంది. కదలమందామనుకుంది, ఆజ్ఞలా ఉంటుందని భయపడింది. ఇక మిగిలింది ఒక్కటే, బిడ్డ పేరు. దాన్ని ఇన్నాళ్లూ దాచిన గొంతుతో, వార్డులో అందరికీ వినబడేటట్లు పిలిచింది.

“లమిన్.”