సందు చివర జీపు

ఈ నాయనమ్మ చెప్పింది అంతవరకూ రాశావా అమ్మడూ? వీరభద్రయ్య పోయాడు, ఎమ్మెల్యే సీటు ఖాళీ అయింది, ఉప ఎన్నిక పెట్టారు, ఆయన తమ్ముడు తిరుపతిరావు నిలబడ్డాడు. ఇక వీరభద్రయ్య భార్య సీతారావమ్మ సంగతి రాయి.

పొద్దున్నే ప్రచారానికొచ్చిన జనానికి ఆవిడ ఉప్మా కలియబెడుతుంటే, అత్తగారు వెంకటరావమ్మ గుమ్మంలోంచి కేకేసేది.

"అబ్బాయి బయల్దేరుతున్నాడు. లోపలే ఉండవే, ఎదురు రాకు!"

సీతారావమ్మ గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడిపోయేది. జీపు చప్పుడు మలుపు తిరిగాక చేతులు కడుక్కుని, దొడ్డి తలుపు తీసుకుని, మగ్గాల షెడ్డు వెనక సందులోంచి నడిచి వెళ్లేది. సందు చివర అదే జీపు ఆవిడ కోసం ఆగి ఉండేది. అక్కణ్ణించి ముందు సీటు ఆవిడదే. ఒళ్లో భర్త ఫొటో పెట్టేవారు. ఆయన బతికుండగా ఆవిడకి ఆ జీపు ఎక్కిన గుర్తే లేదు. "ఆడవాళ్లకెందుకే రాజకీయాలు" అనేవాడు.

"మా వదిన మొహం చూసి ఓటెయ్యండి!" అని మైకులో తిరుపతిరావు అరిచేవాడు. మైకు పక్కకి తిప్పి, "కాస్త ఏడవచ్చుగా వదినా, జనం చూస్తున్నారు" అనేవాడు. ఆవిడకి అక్కడ ఏడుపు రాదు. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాక వచ్చేది. అప్పుడేమో అత్తగారు, "శుభమా అని ఎలక్షను జరుగుతుంటే ఏమిటే ఆ శోకం!" అని కసిరేది. ఏడవడానికి కూడా ఎవరో వేళ చెప్పాలి కాబోలు అనుకునేది.

ఒకరోజు సాలీల వీధిలో ఒక ముసలామె జీపు దగ్గరికొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని, "అన్నం తిన్నావా తల్లీ?" అంది. ఆయన పోయాక ఆ మాట అడిగిన మనిషి లేదు. జవాబు చెప్పేలోపే జీపు కదిలిపోయింది.

పోలింగు రోజు తిరుపతిరావు కొబ్బరికాయ కొట్టి జీపెక్కుతున్నాడు. అత్తగారు రోజూ వేసే కేకే వేసింది. సీతారావమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, వీధి తలుపు తీసి, మెట్లు దిగి, జీపుకి ఎదురుగా వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"అయ్యో అయ్యో! ఇవాళే దొరికిందా నీకు?" అంది అత్తగారు.

"దొడ్డిదారిన రావచ్చుగా వదినా! సందు చివర ఎక్కించుకునేవాళ్లంగా!"

"నేను జీపెక్కడానికి రాలేదు తిరుపతీ. ఓటెయ్యడానికి పోతున్నా. నా వాకిట్లోంచే పోతా. శకునం బాగోలేదనుకుంటే నువ్వే లోపలికెళ్లి, కాసిని మంచినీళ్లు తాగి, కూర్చుని బయల్దేరు."

అతను నిజంగానే లోపలికెళ్లాడు. ఆవిడ నడివీధిలో ఒక్కతే నడుచుకుంటూ వెళ్లింది.

గెలవడం గెలిచాడులే అమ్మడూ, శకునం ఏమీ చెయ్యలేదు. ఈ కాగితాలు రేపు పటమట తీసుకెళ్లి మీ పెద్దమ్మకి చదివి వినిపించు. మొన్న నా పెద్దకొడుకు, అదే మీ పెద్దనాన్న, పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల గది దాటి రావడం లేదట. గదిలో చదవకు. వీధి అరుగు మీద కూర్చోబెట్టి చదువు.