పదిహేను అంగుళాల చక్రాలు

పెదజాలరిపేటలో పైకప్పు లేని కారు కొన్నవాడు బాబీ ఒక్కడే. ఓడల్లో ఇంజన్‌రూము పని అతనిది. రెండు వేల మూడు వేసవిలో సెలవు మీద వచ్చి, హైదరాబాదులో ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్మేసిన ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తనే నడుపుకుంటూ ఇంటికి తెచ్చాడు. సందులోకి అది దూరేసరికే పేట సగం పోగయింది. చేపల బేసిన్లు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు వాటిని దించకుండానే చుట్టూ తిరిగి చూశారు. వానొస్తే గొడుగు పట్టుకుని నడుపుతావా అని ఒకామె అడిగితే, బేసిను ఎక్కడ పెట్టుకోవాలి బాబూ, నీ ఒళ్ళోనా అని ఇంకొకామె అడిగింది. తల్లి చిలకమ్మకు ఇవేవీ పట్టలేదు. ముగ్గురున్న ఇంటికి రెండు సీట్ల బండేమిటన్నదే ఆమె బాధ.

"వంతులేసుకోవాల," అన్నాడు బాబీ. "మొదటి వంతు అప్పది. భీమిలి దాకా తిప్పి తెత్తాను."

అప్ప అంటే అతని అక్క గంగాభవాని. మునిసిపల్ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. తండ్రి పోయాక ఇంటి బాధ్యత నెత్తిన పడి, పెళ్ళి మాట అలా అలా జరిగిపోయి, తమ్ముణ్ణి చదివించడంలోనే ముప్పై దాటేసింది. తమ్ముడి పక్కన ఆ ఎర్ర కారులో కూర్చుని పేట మధ్యలోంచి వెళ్ళడానికి ఆమెకు సిగ్గేసింది. ఇవాళ కాదు, పరీక్ష పేపర్లు దిద్దాలి అంది. సరే, నాకూ తొందర లేదు, ఈ చక్రాలు మార్చాకే నిన్ను ఎక్కిస్తాను అన్నాడు అతను. కంపెనీ ఇచ్చిన చక్రాలు పదమూడు అంగుళాలవి. పెద్దవాళ్ళ చొక్కా తొడిగిన పిల్లాడి చేతుల్లా, అవి మడ్‌గార్డుల లోపలెక్కడో ఉన్నట్టుండేవి. కారు మొత్తంలో బాబీకి నచ్చనిది అదొక్కటే.

ఆగస్టులో ఓడెక్కే ముందు చేసే వైద్య పరీక్షలో అతన్ని ఆపేశారు. కళ్ళు పచ్చబడి ఉన్నాయి. కామెర్లని ఆకు పసరు పోయించారు. తగ్గలేదు. స్కానింగులు తీశాక డాక్టరు బాబీని బయట బల్ల మీద కూర్చోబెట్టి, గంగాభవానిని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. కడుపులో పుట్టిన రాచపుండు కాలేయానికి పాకిందని, కోసి లాభం లేదని, దసరా దాకా తిరుగుతాడేమో, ఆ తరవాత చెప్పలేనని అన్నాడు. అతనికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అని అడిగాడు. నేనే చెబుతానంది ఆమె.

చెప్పలేదు. ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. చిలకమ్మ చాలాసేపు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని, ఆఖరికి, "ఆడికి సెప్పకు. నీ కాళ్ళట్టుకుంతాను," అంది. ఆ పేటలో ఎవరూ రోగికి రోగం పేరు చెప్పరు. తండ్రికీ చెప్పలేదు. ఆయన ఆఖరి రోజు వరకూ వలల గురించే మాట్లాడాడు. అలా పోవడమే మేలని ఇంట్లో అందరూ అనుకున్నారు, గంగాభవాని కూడా. కాలేయం వాచిందని, రెండు మూడు నెలలు విశ్రాంతి కావాలని తమ్ముడికి చెప్పింది. తరగతిలో తప్పు చెబితే మర్నాడు వెళ్ళి దిద్దుకునే మనిషి ఆమె. ఈ మాట చెప్పేటప్పుడు గొంతు మారకుండా చూసుకోవడమే ఆమెకు కష్టమైంది.

బాబీ ఆమె ముఖంలోకి చూసి తల ఊపాడు. ఆ మర్నాటి నుంచి చక్రాల సంగతి మొదలుపెట్టాడు.

ఆటోనగర్లో టైర్ల దుకాణం అర్జునరావుది. అతను ఇంటికే వచ్చి, మడ్‌గార్డుల్లో చెయ్యి పెట్టి ఖాళీ చూసి, ఏవి సరిపోతాయో చెప్పి వెళ్ళాడు. చక్రం పెద్దదయినకొద్దీ దాని మీద రబ్బరు పలచనవ్వాలి, రెండూ కలిసిన ఎత్తు మాత్రం మారకూడదు. ఎత్తు పెరిగితే మలుపు తిప్పినప్పుడల్లా టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది, స్పీడు మీటరు కూడా తప్పు చూపిస్తుంది. ఇంతే సూత్రం. బాబీ మంచం మీద పడుకుని కొలతలు చెబుతుంటే, గంగాభవాని వసారాలో సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో లెక్క వేసేది. చాలాకాలం తరవాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. వెడల్పులో యాభై శాతం ఎత్తున్న టైరు వేద్దామని అతను పట్టుబడితే, అది రాసుకుంటుందని ఆమె గచ్చు మీద నిరూపించింది. నలభై అయిదు శాతానికి దిగాడు.

"ఇంట్లో లెక్కల టీచరుంటే ఇదే కష్టం, అమ్మా. సరదాగా తప్పు సెయ్యడానికి కూడా ఉండదు," అన్నాడు.

చివరికి రెండు మిగిలాయి. మొదటిది పద్నాలుగు అంగుళాల అల్లాయ్ చక్రం, కాస్త మందపాటి టైరు. అవి అర్జునరావు దుకాణంలోనే ఉన్నాయి, తెస్తే పూటలో బిగించేస్తాడు. రెండోది పదిహేను అంగుళాలది, పలచటి టైరు. మడ్‌గార్డు నిండుగా కనబడేది అదే. దాన్ని చెన్నై నుంచి తెప్పించాలి, అక్కడికి పైదేశం నుంచి ఓడలో రావాలి. నెలన్నర అంటారు, రెండు నెలలూ కావచ్చు. ఎత్తు లెక్కలో రెండూ సరిగ్గానే వచ్చాయి.

బాబీ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం రేవు బయట రెండు ఓడలు లంగరు వేసి ఉన్నాయి. వాటి వైపు చూస్తూ అడిగాడు.

"నువ్వు సెప్పప్పా. ఏది తెప్పించమంతావు?"

"నడిపేవాడివి నువ్వు. నీకేది కావాలో అది."

"నాకు పదిహేనే కావాల. కానీ నువ్వు సెప్పిందే తెప్పిత్తాను."

గంగాభవాని చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. పద్నాలుగు చాలు అనడానికి నోటి దాకా వచ్చింది. ఎందుకు అని అడిగితే ఏం చెప్పాలి? పదిహేను బాగుంటుందని ఇద్దరికీ తెలుసు. లెక్క తప్పలేదని గచ్చు మీద ఉంది. ఇక పద్నాలుగు అనడానికి మిగిలిన కారణం ఒకటే, అది అనకూడనిది. అతను ఓడల మీంచి చూపు తిప్పి ఆమెనే చూస్తున్నాడు.

"పదిహేనే తెప్పించు," అంది. "తొందరేముంది?"

బాబీ వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆ సాయంత్రం చిలకమ్మ పెట్టిన గంజి మొత్తం తాగాడు.

అర్జునరావు అడ్వాన్సుతో పాటు పాత చక్రాలు కూడా తీసుకెళ్ళాడు. ఆటోనగర్ పద్ధతి అది. కొత్తవాటికి ఆర్డరు రాసినప్పుడే పాతవి మార్పిడిలో ఇచ్చేస్తారు. ఆ సైజు కోసం ఆనందపురంలో ఒకతను ఎదురుచూస్తున్నాడట. కారును నాలుగు సిమెంటు దిమ్మల మీద నిలబెట్టాడు. బాబీ తనే దగ్గరుండి దిమ్మలు సరిచేయించాడు. ఆ తరవాత రోజూ పొద్దుటే తువ్వాలు మెడలో వేసుకుని వెళ్ళి ఆ కారులో కూర్చునేవాడు.

"ఏటి బాబీ, పడవ ఒడ్డెక్కేసిందా?" అని అడిగేవారు చేపలకు వెళ్ళే ఆడవాళ్ళు.

"లంగరేసినానే. పదిహేను వత్తన్నాయి."

పేటలో అందరికీ పదిహేను అంటే ఏమిటో తెలిసిపోయింది. ఓడ కంపెనీ వాళ్ళు ఫోను చేస్తే కొత్త సంవత్సరంలో చేరతానన్నాడు. అచ్యుతాపురం నుంచి చిన్ననాటి స్నేహితుడు వాసు చూడటానికి వస్తానంటే, ఇప్పుడొద్దు, చక్రాలొచ్చాక నేనే కారేసుకుని వస్తాను అన్నాడు. వాసును రానివ్వమని గంగాభవాని రెండుసార్లు అంది. మూడోసారి అనడానికి భయపడింది. నెలన్నర దాటింది. కారు దాకా నడవడానికి అతనికి తల్లి భుజం కావలసి వచ్చింది. తరవాత వసారా దాకానే.

చెన్నైకి ఫోను చేస్తే ఓడ వచ్చిందని, పెట్టె ఇంకా విప్పలేదని, వచ్చే వారమని అన్నారు. వచ్చే వారం కూడా అదే మాట. ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక గంగాభవాని బస్సెక్కి ఆటోనగర్ వెళ్ళింది. అర్జునరావు టైరుకి పంక్చరు వేస్తున్నాడు. ఆ పద్నాలుగువి ఇప్పుడైనా బిగించమంది. అవి అమ్ముడుపోయాయన్నాడు. పోనీ పాతవి వెనక్కి తెప్పించమంది. అవి వేరే బండికి ఎక్కేశాయన్నాడు. ఇన్నాళ్ళు ఆగారు కదా, ఇంకో వారం ఆగితే మీరు కోరుకున్నవే వస్తాయి, బాబు పట్టుబట్టి తెప్పించుకుంటున్నాడు, ఏవో ఒకటి వేస్తే ఊరుకోడు అని నచ్చజెప్పబోయాడు.

అప్పుడామె చెప్పింది. తల్లికి తప్ప ఎవరికీ చెప్పని మాట, గ్రీజు మరకల స్టూలు మీద కూర్చుని, టైర్ల దుకాణంలో చెప్పింది.

అర్జునరావు చేతిలో పని ఆగిపోయింది. తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు.

"అదేటి టీచరమ్మా. ముందే సెప్పుంటే ఆ పద్నాలుగే బిగించీద్దును కదా. నాను మాత్రం ఆ బాబుకి పదిహేనంటే మోజని..." అని ఆపేశాడు.

మర్నాడు ఆదివారం. ఎలా తెచ్చాడో, అన్నం వేళకి అర్జునరావు నాలుగు ఇనుప చక్రాలు ఆటోలో వేసుకుని వచ్చాడు. రెండు నల్లవి, రెండు వెండి రంగువి. టైర్లు అరిగినవి. ఎత్తు మాత్రం ఒకటే, బోల్టులు కుదురుతాయి. బీచ్ రోడ్డు మీద నెమ్మదిగా భీమిలి దాకా వెళ్ళొచ్చు, నేనే నడుపుతాను, బాబుని పక్కన దిండ్లు వేసి కూర్చోబెడదాం అన్నాడు. గంగాభవాని దిండ్లు తేవడానికి లోపలికి పరుగెత్తింది.

మంచం మీంచి గుమ్మంలోకి చూస్తే కారు కనబడుతుంది. అర్జునరావు జాకీ పెడుతున్నాడు. బాబీ ఆ చక్రాలను చూశాడు. నల్లవి చూశాడు, వెండి రంగువి చూశాడు.

"అప్పా. అవెవరివి?"

"నీకోసమే. ఇయాల ఓపాలి అలా ఎళ్ళొద్దాం. మొదటి వంతు నాదన్నావు కదా."

"పదిహేను రావా?"

"వత్తాయి. వచ్చే వారం."

"నానుండగా వత్తాయా?"

గంగాభవాని చేతుల్లో దిండు ఉంది. ఆమె దాన్ని గుండెకి హత్తుకుని నిలబడింది. బయట జాకీ ఆగి ఆగి కిర్రుమంటోంది.

బాబీ మెల్లగా అన్నాడు. కోపంగా కాదు. అది ఆమెకి ఆ తరవాత కూడా బాగా గుర్తుంది.

"కళ్ళు పచ్చబడినప్పుడే నాకు అనుమానమేసింది. నిన్ను సూటిగా అడగలేక ఆ సైజడిగినాను. పద్నాలుగంతే టైము లేదన్నమాట. పదిహేనంతే ఉందన్నమాట. నువ్వు లెక్కలో అబద్ధమాడవని... పదిహేనన్నావు. ఆ రాత్రి బాగా నిద్దరట్టింది అప్పా."

ఆమె మంచం పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. అతను తీసేసుకోలేదు. కానీ తిరిగి పట్టుకోనూ లేదు.

"వాసుని రావద్దన్నాను," అన్నాడు. "తీసుకెళ్ళిపొమ్మను ఆటిని. నాను ఎక్కను."

అర్జునరావు బిగించిన రెండూ మళ్ళీ విప్పాడు. కారును దిమ్మల మీదకే దించాడు. వాసుకి కబురు చేశారు. అతను వచ్చేసరికి బాబీకి తెలివి వస్తూ పోతూ ఉంది. స్నేహితుణ్ణి గుర్తుపట్టాడో లేదో ఎవరూ చెప్పలేరు. గురువారం పొద్దున్న, వేటకెళ్ళిన పడవలు ఒడ్డుకి వచ్చే వేళకి, పోయాడు.

పదిహేను అంగుళాల చక్రాలు పెద్దకార్యం అయిన మర్నాడు వచ్చాయి. వద్దనడానికి అర్జునరావు అవకాశం ఇచ్చాడు. నా దగ్గరే ఉంచి ఎవరికైనా అమ్మిపెడతానన్నాడు. బిగించమంది గంగాభవాని. అతను బిగించి, కారును దిమ్మల మీంచి దించి, లోపల కూర్చుని స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పాడు. ఆమె వంగి మడ్‌గార్డు కింద చూసింది. ఎక్కడా రాసుకోలేదు. మడ్‌గార్డుల నిండుగా, బాబీ ఎలా ఉంటాయని చెప్పేవాడో అలాగే ఉన్నాయి.

"మీ లెక్కకి వేలు మందం తేడా లేదమ్మా," అన్నాడు అర్జునరావు. అన్నాక, అనకుండా ఉండాల్సిందనుకున్నట్టు తల దించుకున్నాడు. భీమిలి దాకా తిప్పి తెస్తాను, రండి అన్నాడు. ఆమె వద్దంది.

కొత్త చక్రం ఏదైనా నిమ్మకాయ తొక్కి కదలాలి. మనిషి పోయి ఏడాది తిరగని ఇంట్లో అలాంటివి చెయ్యకూడదని చిలకమ్మకు ఎవరూ గుర్తుచేయలేదు. ఆమె లోపల్నుంచి నాలుగు నిమ్మకాయలు తెచ్చి, ఒక్కొక్క టైరు ముందు ఒక్కొక్కటి పెట్టి, నడిపేవాడు వస్తాడన్నట్టు పక్కకి తప్పుకుని నిలబడింది. అర్జునరావు గంగాభవాని వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

నిమ్మకాయలు అక్కడే ఎండి నల్లబడ్డాయి. బడికి వెళ్ళేటప్పుడు గంగాభవాని ఆ కారు పక్కనుంచే వెళ్ళాలి. కొత్త టైరు మీద సన్నటి రబ్బరు నూగు ఉంటుంది, రోడ్డు మీద కాస్త తిరిగితే అదే రాలిపోతుంది. ఆ నాలుగింటి మీదా అది అలాగే ఉంది.