పల్లకి తాళం

కొత్త బండి వచ్చిన రాత్రి పెద్దల్లుడికి నిద్ర పట్టలేదంటే అబద్ధమవుతుంది. పట్టింది. కాకపోతే కలలోకి కూడా ఆ బండే వచ్చింది. కలలో కూడా దాన్ని చిన్నల్లుడే నడుపుతున్నాడు.

మామగారిది దారిలో చెడిపోయిన కార్లను చేరవేసే వ్యాపారం. ఊరి చివర రేకుల షెడ్డు, దాని ముందు నూనె మరకల ఆవరణ, ఇన్నాళ్ళూ ఒకే ఒక్క లారీ. ఆ లారీ వెనక కొక్కెం ఉంటుంది. కారు ముందు భాగాన్ని పైకెత్తి, వెనక చక్రాల మీద నడిపించుకుంటూ తీసుకొస్తుంది. అందుకే దాన్ని కొక్కెం బండి అంటారు. మామగారి పెద్ద కూతుర్నీ, ఆ కొక్కెం బండినీ పెద్దల్లుడు ఒకే ఏడాది చేపట్టాడు. రెండింటితోనూ చెప్పుకోదగ్గ గొడవల్లేకుండా కాపురం చేసుకొస్తున్నాడు.

కొత్త బండి తీరే వేరు. వెనకంతా పెద్ద బల్లలా ఉంటుంది. మీట నొక్కితే ఆ బల్ల జారి, వంగి, నేలను తాకుతుంది. కారు మొత్తం దాని మీదికెక్కి కూర్చుంటుంది. ఒక్క చక్రం కూడా రోడ్డుకి ఆనదు. డ్రైవరు కూర్చునే చోట ఏసీ, మెత్తటి సీటు. మొదటి రోజే దానికి పల్లకి అని పేరు పడింది.

ఆ పల్లకి తాళాన్ని మామగారు పదిమంది ముందు చిన్నల్లుడి చేతిలో పెట్టారు. చిన్నల్లుడు ఆ ఇంటికొచ్చి ఎన్నాళ్ళయిందని, పెళ్ళిబట్టలైనా ఇంకా మాయలేదు. పెద్దల్లుడు పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇంటికెళ్ళి అన్నం కంచాన్ని విసురుగా పక్కకి తోశాడు.

“ఏసీ లేకపోతే మానె. ఆ పాత బండి మీ మాట వింటుంది కదండీ,” అంది భార్య.

“మీ నాన్న కళ్ళకి నేను ఆనడం మానేశాను. కొత్తొక వింత, పాతొక రోత.”

“మా నాన్న ఏం చేసినా దానికో కారణం ఉంటుంది. వెళ్ళి అడగొచ్చుగా?”

“ఏంటి, అడుక్కోవాలా?” అన్నాడు. అడగలేదు. అడగని మాట కడుపులోనే ఉండి రోజురోజుకీ పులిసింది.

నిజానికి చిన్నల్లుడిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే పెద్ద తప్పు. అన్నయ్యా అని పిలుస్తాడు. టీ తాగాక ఇద్దరి గ్లాసులూ తనే కడిగి బోర్లిస్తాడు. తిట్టడానికి సందివ్వని మనిషిని భరించడం ఎంత కష్టమో పెద్దల్లుడినడిగితే చెబుతాడు. అతని పేరెత్తితే చాలు, పచ్చగడ్డి వేసినా భగ్గుమనేలా ఉండేవాడు.

షెడ్డులో మామగారు పెట్టిన నియమం ఒకటుంది. “మన చెయ్యి పడక ముందున్న గీత వాళ్ళది. చెయ్యి పడ్డాక వచ్చిన గీత మనది,” అనేవారాయన. అందుకని కొక్కెం తగిలించే ముందు పెద్దల్లుడు సుద్దముక్క పట్టుకుని కారు చుట్టూ తిరిగేవాడు. పాత గీతకీ, పాత సొట్టకీ సున్నా చుట్టి, కారు వాళ్ళని వెంట తిప్పుకుని అన్నీ చూపించేవాడు. దింపాక తడిగుడ్డతో తుడిచేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ‘ఈ గీత నువ్వే పెట్టావు’ అని అతనితో పేచీకి దిగలేదు. చిన్నల్లుడు మాత్రం సెల్‌ఫోన్లో వీడియో తీసుకునేవాడు. పెళ్ళికూతుర్ని తీసినట్టు తీస్తున్నాడని పెద్దల్లుడు వెక్కిరించేవాడు.

ఒకరోజు పొద్దున్నే పళ్ళ డాక్టరమ్మ కారు దారిలో ఆగిపోయింది. పల్లకిని చిన్నల్లుడు కడుగుతున్నాడు. మామగారు పెద్దల్లుడిని పిలిచి, “నువ్వెళ్ళి చూడు. పల్లకి కావాలంటే ఫోన్ చెయ్యి, పంపిస్తాను,” అన్నారు.

వెళ్ళి చూశాడు. బెల్టు తెగింది, అంతకంటే ఏమీ లేదు. కానీ కారు వెనక ఉన్న బిళ్ళ చూడగానే అతనికి సంగతి అర్థమైపోయింది. అది ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే రకం కారు. అలాంటి కారు ముందు భాగాన్ని ఎత్తి వెనక చక్రాలను నేల మీద దొర్లిస్తే, ఆ చక్రాలు లోపల గేర్‌బాక్సును తిప్పుతూనే ఉంటాయి. ఇంజను ఆగి ఉంటుంది కాబట్టి లోపల నూనె తిరగదు. గేరు పళ్ళు ఒకదానికొకటి పొడిగా రాసుకుని మాడిపోతాయి. ఇది పల్లకి ఎక్కాల్సిన కారు. కాదంటే వెనక చక్రాలకి చెప్పులైనా వేయాలి. చెప్పులంటే చక్రాల కింద పెట్టే చిన్న చిన్న బండ్లు. కారు చక్రం వాటి మీద కదలకుండా కూర్చుంటుంది, అవి దొర్లుతాయి. పెద్దల్లుడు తన లారీ పక్కనున్న పెట్టె తెరిచాడు. అందులో చెప్పులు లేవు. గ్రీజు పెట్టి ఇస్తానని ముందురోజు చిన్నల్లుడు తీసుకెళ్ళాడు. ఇంకా పల్లకిలోనే ఉండిపోయాయి.

ఎటు తిరిగినా వాడే. అయినా ఫోను తీశాడు. నంబరు నొక్కబోతుండగా డాక్టరమ్మ నోరు విప్పింది.

“మా వారి కారు పోయినసారి ఆగిపోతే ఒక అబ్బాయి వచ్చాడండీ, పెద్ద బండేసుకుని. ఎంచక్కా మీదెక్కించుకుని తీసుకెళ్ళాడు. ఎంత మర్యాదస్థుడో! ఆ అబ్బాయి రాడా?”

పెద్దల్లుడు ఫోను జేబులో పెట్టేశాడు.

“రాడమ్మా. అతను పుట్టి బుద్ధెరగక ముందు నుంచీ నేనీ పనిలో ఉన్నాను.”

“కాదనట్లేదండీ. దారిలో ఏదైనా అయితే మరి పూచీ ఎవరిది?”

“మాదేనమ్మా. కొక్కెం తగిలిన దగ్గర్నుంచి దింపేదాకా ఏమైనా మాదే.”

గర్వంగానే అన్నాడు. సుద్దముక్కతో పాత గీతలన్నిటికీ సున్నాలు చుట్టి ఆమెకు చూపించాడు. ఆమె తలూపి టాక్సీ ఎక్కి వెళ్ళిపోయింది. అతను కొక్కెం తగిలించి కారు ముందు భాగాన్ని పైకెత్తాడు. ఎంత దూరమని, ఏం కాదులే అనుకున్నాడు. తెలియక చేసుంటే పొరపాటు అనొచ్చు. అతను తెలిసే చేశాడు. దారిలో వెనక నుంచి సన్నటి మూలుగు మొదలైంది. కాసేపటికి మాడు వాసన కూడా వచ్చింది. పెద్దల్లుడు అద్దం పైకెత్తి రేడియో పెంచాడు.

షెడ్డులో దింపి చుట్టూ తిరిగి చూస్తే పైన ఒక్క కొత్త గీత కూడా లేదు. సున్నాలు తుడిచేశాడు. మధ్యాహ్నం చిన్నల్లుడు ఆ కారుని పల్లకి మీద మెకానిక్కు దగ్గరికి చేర్చాడు.

సాయంత్రం మెకానిక్కే షెడ్డుకొచ్చాడు. చేతిలో నల్లటి నూనె అంటిన గుడ్డ ఉంది. దాన్ని మామగారి ముక్కు దగ్గర పెట్టాడు.

“బెల్టు తెగి ఆగిన కారు కదండీ ఇది. గేర్‌బాక్సు ఎందుకు మాడింది? చక్రాలు నేల మీద పెట్టి ఎవరో ఈడ్చారు.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే పెద్దల్లుడు, “నేను చెప్పులు వేశాను,” అనేశాడు.

అనేశాక గుర్తొచ్చింది. చెప్పులు రోజంతా పల్లకిలో ఉన్నాయని తెలిసినవాడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చాలు, ఇన్నేళ్ళ పేరు ఆ నూనెగుడ్డలా నల్లబడుతుంది. చిన్నల్లుడు అతని వంక చూశాడు. తర్వాత మామగారి వంక తిరిగాడు.

“అవును మామయ్యా, చెప్పులు పొద్దున్నే అన్నయ్యకిచ్చేశాను. మధ్యాహ్నం నేనే ఎక్కించేటప్పుడు గేరు చూసుకోకుండా లాగేసుంటాను. తప్పు నాదే.”

మెకానిక్కు నమ్మలేదు. అంత కాస్త దూరం లాగితే గేర్‌బాక్సు మాడదని అతనికి తెలుసు. కానీ మామా అల్లుళ్ళ మధ్య తను వేలు పెట్టడమెందుకని గుడ్డ మడుచుకుని వెళ్ళిపోయాడు.

“ఎలా జరిగినా మన చెయ్యి పడ్డాకే జరిగింది. గేర్‌బాక్సు మనమే వేయించాలి. తప్పు పద్ధతిలో లాగితే బీమావాళ్ళు కూడా మొహం చాటేస్తారు,” అని మామగారు లోపలికి వెళ్ళిపోయారు.

ఇద్దరే మిగిలాక చిన్నల్లుడు గొంతు తగ్గించి, “చెప్పులు నేను తిరిగి పెట్టలేదన్నయ్యా. అవి ఉంటే మీరు వేసేవాళ్ళే కదా. ఆ లెక్కన తప్పు నాదేగా,” అన్నాడు. పెద్దల్లుడికి పాపం అనిపించకపోలేదు. కానీ ఆ పాపం పక్కనే చిన్న ఆశ కూడా వచ్చి కూర్చుంది. ఇక పల్లకి తాళం వాడి దగ్గర ఉండదు.

మర్నాడు షెడ్డుకి వెళ్ళేసరికి మామగారు డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నారు. “మా చిన్నల్లుడేనమ్మా. అడక్క ముందే తప్పు నాదే అన్నాడు. ఈ రోజుల్లో అలా ఒప్పుకునే మనిషి ఎక్కడ దొరుకుతాడు చెప్పండి?” అంటున్నారు. అవతల ఆవిడ ‘ఆ అబ్బాయి బంగారమండీ’ అనడం గది బయటికి వినిపించింది. పల్లకి తాళం చిన్నల్లుడి వేలికే వేలాడుతోంది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే అక్కడా అదే పాట.

“మా చెల్లి అదృష్టవంతురాలు. ఎంత పెద్ద మనసు లేకపోతే అలా ఒప్పుకుంటాడు? మీరైతే ఒప్పుకునేవారా?” అంది భార్య, వడ్డిస్తూ.

పెద్దల్లుడు కలిపిన ముద్దని కంచంలోనే వదిలేశాడు. మంచి పని చేస్తే మెప్పు వాడికి. సరే, పోనీ. తప్పు చేసినా మెప్పు వాడికేనా? అదీ వాడి తప్పయితే బాగానే ఉండును. తన తప్పు! తన చేతుల్తో చేసిన తప్పుని నెత్తిన పెట్టుకుని వాడు ఊరేగుతున్నాడు. పెద్దల్లుడు చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

షెడ్డులోకి అడుగు పెడుతూనే, పొలం గట్టు మీద నిలబడి హద్దు తగాదా పడేవాడిలా, “ఆ తప్పు నాది!” అని అరిచాడు.

మామగారు తలెత్తారు.

“చెప్పులూ లేవు, గిప్పులూ లేవు. నాలుగు చక్రాలూ ఇంజనే తిప్పే కారని తెలిసే లాగాను. వీడికి ఫోన్ చెయ్యడం ఇష్టం లేక లాగాను. వీడికి దీంతో ఏ సంబంధమూ లేదు. ఆ పేరు వీడికివ్వకండి.”

“అన్నయ్యా, ఇప్పుడెందుకు...”

“నువ్వు మాట్లాడకు! నీ మంచితనంతో చంపుతున్నావు నన్ను.”

“ఫోన్ చెయ్యడం ఇష్టం లేకపోవడమేంటి అల్లుడూ?” అన్నారు మామగారు.

“పల్లకి వాడికిచ్చారు. నన్నొక్క మాట అడిగారా?”

మామగారు కుర్చీలో వెనక్కి వాలారు. “పల్లకి ఎవడైనా నడుపుతాడయ్యా. మీట నొక్కితే అదే వంగుతుంది, అదే లేస్తుంది. కొక్కెం అలా కాదు. ఎక్కడ తగిలించాలో, ఎంత ఎత్తాలో, ఏ కారుని అసలు ముట్టుకోకూడదో తెలిసిన చెయ్యి కావాలి. కొత్తవాడికి తేలిక బండిచ్చాను, కష్టమైంది నీ దగ్గరుంచాను. అది కూడా విడమరిచి చెప్పాలనుకోలేదు.”

మామగారు లేచి చిన్నల్లుడి ముందు చెయ్యి చాపారు. పల్లకి తాళం అందుకుని తెచ్చి పెద్దల్లుడి అరచేతిలో పెట్టారు.

“రేపట్నుంచి ఇది నువ్వు నడుపు.” ఆయన గొంతులో కోపం లేదు. ఉండుంటే బాగుండేది. “కొక్కెం వాడు నేర్చుకుంటాడు. నేర్పేది నువ్వే. ఆ సుద్దముక్క వాడికియ్యి.”

కొన్నాళ్ళకి ఒక కూడలి దగ్గర రెండు కార్లు గుద్దుకుంటే రెండు బండ్లూ వెళ్ళాయి. పల్లకి పని ఇట్టే అయిపోయింది. కారు మీదెక్కి కూర్చుంది. పెద్దల్లుడు మెత్తటి సీటులో, చల్లగాలిలో కూర్చుని రోడ్డుకి అటుపక్క చూస్తున్నాడు. చిన్నల్లుడు సుద్దముక్కతో రెండో కారు చుట్టూ తిరుగుతున్నాడు. ఆ కారాయన చేతులు వెనక్కి కట్టుకుని, వైద్యుడి వెంట రోగి బంధువు నడిచినట్టు, అతని వెనకే నడుస్తున్నాడు. పెద్దల్లుడి వేళ్ళు ఒళ్ళో వాటంతటవే ముడుచుకున్నాయి. వెనక బంపరు కింద, ఎవరూ చూడని మూలలో, ఒక పాత సొట్ట ఉంది. అది ఇక్కడి నుంచే అతని కంటికి ఆనింది. అద్దం దింపి ఒక్క కేక వేస్తే సరిపోతుంది. వేయలేదు. అది వాడికి కనపడకూడదని మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

చిన్నల్లుడు బంపరు దాటి ముందుకెళ్ళాడు. ఆగాడు. వెనక్కొచ్చి మోకాళ్ళ మీద వంగి, కిందికి తొంగి చూసి, ఆ సొట్ట చుట్టూ సున్నా చుట్టాడు. ఎంత గుండ్రంగా వచ్చిందో. పెద్దల్లుడికి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అంత గుండ్రంగా రాలేదు.